ఆమ్ల ఇంధన ఘటాల్లో ప్లాటినం మన్నిక: బులియన్ వర్తకులు చూడవలసిన లెక్క

(మా వాణిజ్య విలేఖరి)

కొల్లాపూర్: ప్లాటినం విపణిలో కొంతకాలంగా ఒక మాట గట్టిగా వినిపిస్తున్నది. ఉదజని, అంటే హైడ్రోజన్, ఇంధనంగా వాడుకలోకి వచ్చేసరికి ప్లాటినానికి అంతులేని గిరాకీ పుడుతుందనీ, ఇప్పుడే కొని నిలవ చేసుకున్నవారికి తిరుగుండదనీ ఆ మాట సారాంశం. దీనికి ఎదురుమాట కూడా ఉన్నది. శాస్త్రజ్ఞులు ప్లాటినం అక్కరలేని ఇంధన ఘటాన్ని తయారు చేస్తున్నారు కనుక ఆ లోహానికి రోజులు దగ్గరపడినాయని కొందరి వాదన. రెండింటిలోనూ కొంత నిజం ఉన్నది, చాలా భాగం ఊహ ఉన్నది. వీటి మధ్య తేల్చవలసిన విషయం ఒక్కటే. వేడి ఆమ్లంలో మునిగి పనిచేసే ప్లాటినం ఎన్ని వేల గంటలు నిలుస్తుంది? గిరాకీ లెక్కంతా దాని మీద ఆధారపడి ఉన్నది.

కొల్లాపూర్ బంగారు అంగళ్లలో ప్లాటినం కాటాకెక్కేది అరుదే. మామిడి, పత్తి, వేరుసెనగ బేరాల మీద వచ్చిన సొమ్ము బంగారంలోకో, భూమిలోకో పోవడం ఇక్కడి ఆనవాయితీ. అయినా 2025 జనవరిలో ఔన్సు 900 డాలర్ల ప్రాంతంలో ఉన్న ప్లాటినం జూన్ నాటికి 1,300 డాలర్లు దాటి, పదేళ్ల పైచిలుకు గరిష్ఠాన్ని తాకిన తరువాత ఈ లోహం సంగతేమిటని అడిగేవారు కనబడుతున్నారు. అడిగేవారికి చెప్పేవారు కూడా సిద్ధంగానే ఉంటారు గనుక అసలు సంగతి తెలుసుకోవడం మంచిది.

ఘటం పనితీరు

ఇంధన ఘటం సూత్రం కొత్తది కాదు. 1839లో బ్రిటన్‌కు చెందిన విలియం గ్రోవ్ రెండు ప్లాటినం రేకులను పలుచని గంధకామ్లంలో ఉంచి, ఒకదానికి ఉదజనిని, మరొకదానికి ఆమ్లజనిని తగిలించి విద్యుత్తు రాబట్టినాడు. నేటి ఆమ్ల ఘటం మూలసూత్రం అదే. ఒక పక్క ఉదజని వస్తుంది. ప్లాటినం దానిని విడగొడుతుంది. ఎలక్ట్రాన్లు తీగ వెంట వెళ్లి పని చేస్తాయి, ప్రోటాన్లు ఆమ్లం గుండా అవతలి పక్కకు చేరతాయి. అక్కడ గాలిలోని ఆమ్లజనితో కలిసి నీరవుతాయి. మంట లేదు, తిరిగే చక్రం లేదు.

ఉత్ప్రేరకం అంటే అడ్తిదారు వంటిదనుకోవచ్చు. బేరం కుదురుస్తుంది, సరుకులో వాటా తీసుకోదు. పాఠ్యపుస్తకం చెప్పేది ఇంతవరకే. వాస్తవంలో ఈ అడ్తిదారు కూడా ఏటేటా కొంత అరిగిపోతూ ఉంటాడు. ఆ అరుగుదలే ఈ వ్యాసానికి విషయం.

ఆమ్లమే ఎందుకన్న ప్రశ్న రావచ్చు. క్షారంతో నడిచే ఘటాల్లో నికెలు, వెండి వంటి లోహాలు కూడా నిలుస్తాయి. కాని గాలిలోని బొగ్గుపులుసు వాయువు క్షారాన్ని పాడు చేస్తుంది. ఆమ్లానికి ఆ బాధ లేదు. మామూలు గాలి పీల్చి, అంత శుద్ధంగా లేని ఉదజనితో సరిపెట్టుకొని నడుస్తుంది. దీనికి చెల్లించే మూల్యం వేరే ఉన్నది. ఇనుము, నికెలు, కోబాల్టు ఆమ్లంలో కరిగిపోతాయి. ఆమ్లాన్ని తట్టుకోగల లోహం ఏదో కంసాలిని అడిగితే గీటురాయి తీసి చూపించగలడు. తట్టుకోవడంతో పాటు ఆమ్లజనిని చురుకుగా విడగొట్టగలిగినది కూడా కావాలంటే జాబితా ప్లాటినంతో మొదలై దాదాపు ప్లాటినంతోనే ముగుస్తుంది. బంగారం ఆమ్లానికి లొంగదు గాని ఆ పనిలో మందకొడి.

హైదరాబాదులో జరిగిన పని

ఈ ఆమ్ల ఘటాల చరిత్రలో మన ప్రాంతానికి భాగం ఉన్నది. హైదరాబాదులోని బి.హెచ్.ఇ.ఎల్. పరిశోధనా విభాగం 1990 దశకంలో ఫాస్ఫారిక్ ఆమ్ల ఘటాల మీద చాలా పని చేసింది. కేంద్ర ప్రభుత్వపు సంప్రదాయేతర ఇంధన వనరుల శాఖ ఆర్థిక సాయంతో 25 కిలోవాట్ల దొంతరలు రెండింటిని కలిపి 50 కిలోవాట్ల యంత్రం తయారు చేసి, కాస్టిక్ సోడా తయారయ్యే క్లోర్-ఆల్కలీ కర్మాగారంలో పరీక్షించారు. తరువాత జపాన్ నుంచి వచ్చిన 200 కిలోవాట్ల యంత్రాన్ని కూడా హైదరాబాదులో వంటగ్యాసుతో నడిపి చూశారు.

క్లోర్-ఆల్కలీ కర్మాగారాన్ని ఎంచుకోవడంలో వ్యాపారదృష్టి ఉన్నది. ఉప్పునీటిని విద్యుత్తుతో విడగొట్టి కాస్టిక్ సోడా తీసినప్పుడు ప్రతి టన్నుకు సుమారు 25 కిలోల ఉదజని ఉపఉత్పత్తిగా వస్తుంది. కృష్ణకు ఆవలి ఒడ్డున, కర్నూలు వద్ద అటువంటి కర్మాగారం ఉన్నది గనుక మన వర్తకులకు ఈ పరిశ్రమ బొత్తిగా తెలియనిది కాదు. లెక్క చూడండి. కిలో ఉదజనిలో 33 యూనిట్ల పైచిలుకు శక్తి ఉంటుంది. ఘటం అందులో 45 పాళ్లు విద్యుత్తుగా మార్చిందనుకుంటే 25 కిలోలకు సుమారు 375 యూనిట్లు. టన్ను కాస్టిక్ తీయడానికి 2,200 నుంచి 2,500 యూనిట్లు ఖర్చవుతుంది. అంటే కరెంటు బిల్లులో ఆరోవంతో ఏడోవంతో వెనక్కు రాగలదు. కాగితం మీద ఇది ఆకర్షణీయంగానే ఉన్నది.

మరి ప్రతి కాస్టిక్ కర్మాగారంలోనూ ఈ యంత్రం ఎందుకు కనబడదు? ఇందుకు కారణం పెట్టుబడి, మన్నిక. ఫాస్ఫారిక్ ఘటంలో రెండు ఎలక్ట్రోడులకూ కలిపి చదరపు సెంటీమీటరుకు ముప్పాతిక మిల్లీగ్రాము ప్లాటినం వాడేవారు. అంత వైశాల్యం నుంచి వచ్చే విద్యుత్తు వాటులో ఐదోవంతు. ఆ చొప్పున కిలోవాటుకు మూడుముప్పావు గ్రాములు. 200 కిలోవాట్ల యంత్రానికి ముప్పాతిక కిలో, అంటే నేటి పది గ్రాముల తులంలో 75 తులాలు. ఈ పెట్టుబడి మీద వడ్డీ రావాలంటే యంత్రం కనీసం ఐదేళ్లు ఆగకుండా నడవాలి. అమెరికాలో 1990 దశకం తొలి సంవత్సరాల్లో అమ్మకానికి వచ్చిన 200 కిలోవాట్ల యంత్రాలకు పెట్టుకున్న లక్ష్యం 40,000 గంటలు, అంటే నాలుగున్నరేళ్ల పైచిలుకు నిరంతర సేవ. వాటిలో కొన్ని ఆ గడువును దాటి కూడా నడిచాయి. కాని అక్కడకు చేరుకోవడానికి ఉత్ప్రేరకం మీద ముప్పై ఏళ్ల పని పట్టింది.

తూకం తగ్గదు, పని తగ్గుతుంది

బులియన్ వ్యాపారికి ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మన వ్యాపారంలో లోహం విలువ తూకం, స్వచ్ఛత. ఘటంలో ప్లాటినం విలువ దాని ఉపరితలం.

ఘటంలో వాడే ప్లాటినం రేకు రూపంలో ఉండదు. నల్లని కార్బన్ మసి మీద కంటికి కనబడని రేణువులుగా చల్లుతారు. ఒక్కొక్క రేణువు వ్యాసం సుమారు 3 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో మూడు లక్షల ముప్పైమూడు వేలవ వంతు. అంత సన్నగా చేస్తే ఒక్క గ్రాము ప్లాటినం ఉపరితలం 90 చదరపు మీటర్లు దాటుతుంది. మన భాషలో నూటపది గజాల ఇంటిస్థలం. ఆ రేణువులే పెరిగి 6 నానోమీటర్లయితే అదే గ్రాముకు ఉపరితలం సగానికి పడిపోతుంది. తూకం వేస్తే మిల్లీగ్రాము తేడా రాదు, పరీక్షకు పంపితే స్వచ్ఛత మారదు, కాని ఘటం చేసే పని తగ్గిపోతుంది.

రేణువులు ఎందుకు పెరుగుతాయన్నదానికి కారణాలు ఒకటికి మించి ఉన్నాయి. ప్లాటినం ఆమ్లంలో కరగదన్న మాట నిలకడగా ఉన్నప్పుడు నిజం. వోల్టేజీ పైకీ కిందకూ ఊగుతున్నప్పుడు కొంచెం కొంచెంగా కరుగుతుంది. కారు నడిపేవాడు కాలు ఒత్తినప్పుడల్లా, తీసినప్పుడల్లా ఘటంలో వోల్టేజీ మారుతుంది. ఊగిన ప్రతిసారీ ఉపరితలం మీద ఆక్సైడు పొర కట్టి, విడిపోతుంది. ఆ సందులో కొన్ని అణువులు ఆమ్లంలోకి జారిపోతాయి. చిన్న రేణువుల నుంచి కరిగిన లోహం పెద్ద రేణువుల మీద పేరుకుంటుంది. చిన్న వర్తకుడి సరుకు పెద్ద గోదాములో చేరినట్లు. కొంత లోహం పొర మధ్యలోకి పోయి ఎవరికీ పనికిరాకుండా అక్కడే గడ్డకడుతుంది.

రెండవది కార్బన్ తుప్పు. ప్లాటినాన్ని మోసే మసి కూడా శాశ్వతం కాదు. వోల్టేజీ హద్దు మీరితే నీటితో కలిసి బొగ్గుపులుసు వాయువుగా ఎగిరిపోతుంది. మోసే గోడే కూలితే దాని మీది రేణువులు ఒకదానిమీద ఒకటి పడతాయి, లేదా విడిపోయి కొట్టుకుపోతాయి. యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టే సమయమే ఇందుకు అన్నింటికన్నా ప్రమాదకరమైనది. ఆగి ఉన్నప్పుడు ఉదజని గదిలోకి గాలి చేరుతుంది. మళ్లీ ఉదజని వదిలినప్పుడు ఒకే గదిలో సగం ఉదజని, సగం గాలి. ఆ కొద్ది క్షణాల్లో అవతలి ఎలక్ట్రోడు మీద ఒకచోట వోల్టేజీ ఒకటిన్నర దాకా ఎగబాకుతుంది. మామూలు పనిలో అది ఒకటి కూడా దాటదు. 2005లో ఈ సంగతిని అమెరికా ఇంజనీర్లు వివరించి ప్రచురించిన తరువాత యంత్రాన్ని ఆపే పద్ధతులు, మొదలుపెట్టే పద్ధతులు మార్చుకోవలసి వచ్చింది.

ఫాస్ఫారిక్ ఘటానికి అదనపు బాధలున్నాయి. అది 200 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతంలో పనిచేస్తుంది. ఆ వేడి వల్ల ఉదజనిలో నూటికి ఒక పాలు కార్బన్ మోనాక్సైడు ఉన్నా భరిస్తుంది. 80 డిగ్రీల దగ్గర నడిచే పొర ఘటం పది లక్షల్లో పది పాళ్లకే మూర్ఛపోతుంది. అదే వేడి ప్లాటినం రేణువులను తొందరగా కలిపేస్తుంది, ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా ఆవిరి చేస్తుంది. ఇక శుద్ధ ఫాస్ఫారిక్ ఆమ్లం 42 డిగ్రీల వద్దనే గడ్డకడుతుంది. అందువల్ల యంత్రాన్ని ఆపినా వెచ్చగా ఉంచాలి. పాలమూరు ఎండల్లో ఇది పెద్ద సమస్య కాకపోవచ్చు గాని జనవరి రాత్రికి సమస్యే.

చేసిన ఉపాయాలు

తొలి ఉపాయం మిశ్రమలోహం. కంసాలి బంగారంలో రాగి కలిపేది నగ నిలవడానికి. ఇక్కడ కూడా అటువంటిదే జరిగింది. ఫాస్ఫారిక్ ఘటాల కోసం అమెరికాలో 1980 దశకంలో ప్లాటినంలో క్రోమియం, కోబాల్టు కలిపి చూశారు. పని చురుకుగా సాగింది, రేణువులు కలిసిపోవడం తగ్గింది. మసిని కూడా రెండువేల డిగ్రీలకు పైగా కాల్చి గ్రాఫైటు గుణం తెప్పిస్తే తుప్పు తగ్గింది. నేటి పొర ఘటాల్లో ప్లాటినం-కోబాల్టు మిశ్రమమే ఎక్కువగా వాడుకలో ఉన్నది. ఇందులో కూడా నష్టం లేకపోలేదు. కోబాల్టు మెల్లగా కరిగి పొరలోకి చేరి దాని దారులను మూసివేస్తుంది. అందుకే అణువులను గళ్లబట్ట నేతలా వరుసతప్పకుండా అమర్చి, పైన అచ్చంగా ప్లాటినం తొడుగు వేసే పద్ధతి మీద ఇప్పుడు పరిశోధనలు ఎక్కువగా జరుగుతున్నాయి.

బులియన్ వర్తకులకు ఆసక్తి కలిగించే ప్రయోగం ఇంకొకటి. 2007 జనవరిలో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ప్లాటినం రేణువుల మీద అతి చిన్న బంగారు గుంపులను చల్లి, వోల్టేజీని 30,000 సార్లు ఊపి చూశారు. ప్లాటినం దాదాపు చెక్కుచెదరలేదు. బంగారం తాను పని చేయకపోయినా పక్కవాడు కరిగిపోకుండా కాపలా కాసిందన్నమాట. ఈ వార్త చూసి బంగారానికి కొత్త గిరాకీ పుడుతుందని ఎవరైనా అంటే నమ్మవలసిన పని లేదు. కావలసిన బంగారం ప్లాటినంలో కూడా చిన్న పాలు.

ప్లాటినమే లేకుండా చేసే ప్రయత్నం 1964 నుంచి సాగుతున్నది. ఆ ఏడు కోబాల్టు ఉన్న ఒక రంగుపదార్థం ఆమ్లజనిని విడగొట్టగలదని తేలింది. 2009లో కెనడాలోని క్విబెక్ శాస్త్రజ్ఞులు ఇనుము, నత్రజని, కార్బన్ కలిపిన ఉత్ప్రేరకంతో మొదటి గంటల్లో ప్లాటినానికి చేరువగా వచ్చే ఫలితం చూపించారు. మొదటి గంటల్లో అన్న మాట గమనించండి. ఇనుము అణువులు ఆమ్లంలోకి జారిపోవడం, మధ్యలో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడు ఆ ఇనుముతో కలిసి పొరనే తినివేయడం ఈ పదార్థాలను ఇంకా వెంటాడుతున్న లోపాలు. 2017లో కెనడాకు చెందిన బల్లార్డ్ సంస్థ జపాన్ సంస్థ నిషిన్‌బోతో కలిసి ఒక ఎలక్ట్రోడులో ప్లాటినం లేని చిన్న ఘటాన్ని ప్రకటించింది. దాని శక్తి 30 వాట్లు, ఒక చిన్న బల్బుకు సరిపడేది. అక్కడి నుంచి లారీ దాకా చాలా దూరం ఉన్నది. ఇనుము వస్తే ప్లాటినం ధర కూలుతుందని ఇప్పటినుంచే అమ్ముకునేవారు తొందరపడుతున్నారనే అనుకోవాలి.

పొదుపుకూ మన్నికకూ తగాదా

గిరాకీ లెక్క ఇక్కడ మొదలవుతుంది. 1980 దశకం దాకా పొర ఘటంలో ప్రతి ఎలక్ట్రోడు మీద చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీగ్రాముల ప్లాటినం ఉండేది. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల దానిని పదోవంతుకు, 0.4 మిల్లీగ్రాముకు దించింది. తరువాత ఇంకా దిగింది. కార్లకు అమెరికా ఇంధన శాఖ పెట్టుకున్న లక్ష్యం రెండు పక్కలా కలిపి 0.125 మిల్లీగ్రాము. ఈ వరుస చూసి ప్లాటినం వాడకం క్రమంగా సున్నాకు చేరుతుందని లెక్క కట్టినవారున్నారు.

కాని కార్లలో ఆశించినంత వ్యాపారం రాలేదు. అక్కడ బ్యాటరీ ముందుకు పోయింది. ఇంధన ఘటం చూపు బరువైన లారీల వైపు మళ్లింది. కారుకు 5,000 గంటలు చాలు, సగటున గంటకు 50 కిలోమీటర్లనుకుంటే రెండున్నర లక్షల కిలోమీటర్లు. లారీకి 25,000 నుంచి 30,000 గంటలు కావాలి. ఐదారు రెట్లు మన్నిక కావాలంటే అరుగుదలకు ముందే కొంత అదనపు సరుకు వేసి పెట్టుకోక తప్పదు. అందుకే లారీల లెక్కలో ప్లాటినం మళ్లీ 0.3 మిల్లీగ్రాముకు పెరిగింది. మన్నిక కోసం పొదుపును వదులుకున్నారు.

కిలోవాటుకు 0.4 గ్రాము అనుకొని చూద్దాం. 250 కిలోవాట్ల లారీకి 100 గ్రాములు, పది తులాలు, లేదా మూడు ఔన్సుల పైచిలుకు. ఇటువంటి లారీలు లక్ష తయారైతే పది టన్నులు. ప్రపంచంలో ఏటా ప్లాటినం గిరాకీ సుమారు 240 నుంచి 250 టన్నులు. లక్ష లారీలంటే దానిలో నాలుగు పాళ్లు. ఇప్పుడు ఉదజని రంగం మొత్తం వాడకం నూటికి ఒకటి రెండు పాళ్లు మించదు. ఎక్కువ భాగం మోటారు వాహనాల పొగ శుద్ధి పరికరాలకూ, నగలకూ, రసాయన, గాజు పరిశ్రమలకూ పోతున్నది. అంటే మన్నికైన ఉత్ప్రేరకం దొరికితే వాహనానికి పట్టే ప్లాటినం తగ్గవచ్చు, కాని అమ్ముడయ్యే వాహనాలు పెరగవచ్చు. ఏది ముందు జరుగుతుందన్న దాని మీద తేజీ, మందీ ఆధారపడతాయి. ఈ విలేఖరి అభిప్రాయంలో సరఫరా వార్తల ముందు ఈ వార్తలన్నీ ఇంకా కొన్నేళ్లు చిన్నవే.

సరఫరా సంగతి పాత వర్తకులకు జ్ఞాపకం ఉంటుంది. గనుల నుంచి వచ్చే ప్లాటినంలో 70 పాళ్లు ఒక్క దక్షిణాఫ్రికాదే. 2008 జనవరిలో అక్కడ విద్యుత్తు కొరత వచ్చి గనులు ఆగితే మార్చిలో ధర 2,200 డాలర్లు దాటింది. అదే ఏడాది అక్టోబరు నాటికి 800 డాలర్ల దిగువకు వచ్చింది. ఆ ఎగుడుదిగుళ్లలో ఘటం పాత్ర ఏమీ లేదు. 2025లోనూ అంతే. కొరత వల్ల ప్లాటినం అప్పుకు తెచ్చుకునే వడ్డీ రెండంకెలకు చేరిన సందర్భాలున్నాయి.

మన దేశపు దిగుమతి అంకెలు చూసి గిరాకీ అంచనా వేసేవారికి ఒక హెచ్చరిక. 2024లో ప్లాటినం మిశ్రమం పేరుతో, అధిక భాగం బంగారమే ఉన్న సరుకు తక్కువ సుంకం మీద దేశంలోకి వచ్చింది. 2024 జూలై బడ్జెట్‌లో ప్లాటినం సుంకం 15.4 నుంచి 6.4 శాతానికి తగ్గింది. 2025 బడ్జెట్‌లో 99 శాతం స్వచ్ఛత గల ప్లాటినానికి వేరే పద్దు ఏర్పరచారు. కనుక ఆ కాలపు దిగుమతి పెరుగుదలను ఉదజని ఖాతాలో వేయడం పొరపాటు.

2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన 19,744 కోట్ల రూపాయల హరిత ఉదజని పథకం విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నుల ఉదజని తయారీ దాని లక్ష్యం. అందులో అధిక భాగం ఎరువులకు, చమురు శుద్ధికి పోయేది. ఉదజని తీసే యంత్రాల్లో క్షార రకం నికెలుతో నడుస్తుంది, ప్లాటినం అక్కరలేదు. ఆమ్లపొర రకానికి మాత్రం ప్లాటినంతో పాటు ఇరీడియం కావాలి. అక్కడ అసలు ఇరుకు ఇరీడియంది. ప్రపంచ ఉత్పత్తి ఏడాదికి ఏడెనిమిది టన్నులే. వేరుసెనగ గానుగలో చెక్క ఎంత వస్తుందో నూనెను బట్టి ఉంటుంది గాని చెక్క కోసం ఎవరూ గానుగ ఆడరు. ఇరీడియం కూడా ప్లాటినం గనిలో చెక్క వంటిది. గిరాకీ పెరిగినంత మాత్రాన తవ్వకం పెరగదు. 2021లో ఔన్సు ధర 6,000 డాలర్లు దాటడానికి ఈ బిగువే మూలం. ఆ లోహంలో అమ్మేవారూ కొనేవారూ గుప్పెడుమంది. మన వంటి విపణి నుంచి చేయి పెట్టదగిన సరుకు కాదు.

జలాంతర్గామి, ప్రయోగశాల

దేశంలో ఫాస్ఫారిక్ ఘటానికి నేడు పెద్ద ఖాతాదారు నౌకాదళం. మహారాష్ట్రలోని అంబర్‌నాథ్‌లో ఉన్న రక్షణ పరిశోధనా సంస్థ ప్రయోగశాల జలాంతర్గామి నీటిపైకి రాకుండా ఎక్కువ రోజులు ఉండడానికి ఈ ఘటాలతో వ్యవస్థ తయారు చేసింది. ఉదజనిని నిలవ చేయకుండా సోడియం బోరోహైడ్రైడు నుంచి అప్పటికప్పుడు తీస్తారు. 2021 మార్చిలో నేలమీది నమూనా పరీక్ష విజయవంతమైంది. 2024 డిసెంబరులో ఈ వ్యవస్థకు కావలసిన భాగం నిర్మాణానికి మజగావ్ డాక్‌తో సుమారు 1,990 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. జలాంతర్గామికి ప్లాటినం ధర లెక్కలోది కాదు, మధ్య సముద్రంలో ఆగకపోవడమే లెక్క. అందువల్ల మన్నిక పరిశోధనకు ఇక్కడ డబ్బు దొరుకుతున్నది.

పొర ఘటాల పని హైదరాబాదు బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ. సంస్థకు చెందిన చెన్నై కేంద్రంలో సాగుతున్నది. పుణె, కారైకుడి ప్రయోగశాలల ఘటంతో 2020 అక్టోబరులో ఒక కారు నడిపి చూపించారు. ఇవి ఇంకా కిలోల్లో ప్లాటినం కొనే స్థాయికి రాలేదు. ఘటం వస్తే కొల్లాపూర్ పక్కనున్న ఎత్తిపోతల పంపులు దానితో నడుస్తాయా అని ఎవరో అడిగారు. నార్లాపూర్ వద్ద ఒక్క పంపే 145 మెగావాట్లు. 200 కిలోవాట్ల యంత్రాలు 725 కావాలి. సెల్‌ఫోన్ టవరుకు, ఆసుపత్రికి డీజిల్ జనరేటరు బదులుగా చూడవలసిన వస్తువు ఇది.

పాత సరుకు కొనేవారికి

మన వర్తకుల చేతికి ఈ వ్యాపారం ఎప్పుడైనా వస్తే తుక్కు రూపంలోనే రావచ్చు. ముందే చెప్పినట్లు అరిగిపోయిన ఘటంలో పని పోతుంది గాని లోహం చాలా భాగం అలాగే ఉంటుంది. శుద్ధి కర్మాగారంలో నూటికి 95 పాళ్లకు పైగా రాబట్టవచ్చు. రాజద్రావకంలో కరిగించి, నవాసారంతో పసుపురంగు లవణంగా దించి, కాల్చి, స్పాంజి రూపంలో ప్లాటినం తీస్తారు. దేశంలో ఉదయపూర్, నవీ ముంబయి వంటి చోట్ల ఈ లోహాలను శుద్ధి చేసే సంస్థలున్నాయి.

నల్లటి పొడి చూపించి ఇందులో ఇంత ప్లాటినం ఉన్నదని చెప్పే బేరంలో మోసానికి చోటెక్కువ. మసికీ, ప్లాటినం ఉన్న మసికీ రంగులో తేడా తెలియదు, గీటురాయి పనికిరాదు. ఫాస్ఫారిక్ ఘటపు తుక్కులో ఆమ్లం ఇంకి ఉంటుంది, అది గాలిలోని తేమను పీల్చుకొని బరువెక్కుతుంది. ఉదాహరణకు వంద కిలోల తుక్కులో పొడి లెక్కన అరశాతం ప్లాటినం ఉన్నదనుకుందాం. లెక్క ప్రకారం 500 గ్రాములు. అందులో పది కిలోలు ఆమ్లమూ, తేమా అయితే ఉన్నది 450 గ్రాములే. ఐదు తులాలు నీళ్లపాలు. కనుక ఆరబెట్టిన తూకం మీద, ఇరుపక్షాల ఎదుట తీసిన నమూనా మీద, కుదిరితే రెండు ప్రయోగశాలల పరీక్ష మీద ధర కట్టడం తప్పనిసరి. శుద్ధికి వారాలు పడుతుంది గనుక ఆ కాలానికి వడ్డీ, ధర మార్పు ఎవరు భరించాలో ముందే రాసుకోవాలి.

ఇంట్లో కాల్చి బూడిద చేసే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోవాలి. పొర ఘటాల్లోని పొర టెఫ్లాన్ జాతిది. కాలిస్తే హైడ్రోజన్ ఫ్లోరైడు వస్తుంది, అది ఊపిరితిత్తులనూ ఎముకనూ తినే విషం. వాడిన ఉత్ప్రేరకం ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందకు వస్తుంది. 2016 నాటి ఆ నియమాల ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవారే దానిని శుద్ధి చేయాలి. అమ్మేవారి వద్ద రవాణా పత్రం, కొనేవారి వద్ద అనుమతి పత్రం లేకుండా జరిగే బేరంలో సరుకు పట్టుబడితే ప్లాటినం విలువ కన్నా కేసు ఖర్చు ఎక్కువ కావచ్చు.